పన్ను మీద పన్ను

మార్చి ఆఖరు. మిర్చి యార్డు ఘాటు
ఏసీ గదిలోకీ వస్తుంది.
తుమ్ముకుంటూ జీతాల చీటీలు తీస్తున్నాను.
సుభానీ వచ్చి నిలబడ్డాడు,
ల్యాబులో కారం రంగు కొలిచే కుర్రాడు.
చేతిలో ఫోను, ఫోనులో బ్యాంకు మెసేజీ.
"మేడం, ఇది నా జీతమేనా?"

కూర్చోబెట్టి వేలు పెట్టి చూపించాను.
ఇది పీఎఫ్, ముసలితనానికి.
ఇది వృత్తి పన్ను, రెండొందలు,
పని చేస్తున్నందుకు.
ఇది ఆదాయప్పన్ను.
సేవింగ్సు కాగితాలు ఇమ్మంటే ఇవ్వకపోతివి,
ఏడాదిదంతా ఈ ఒక్క నెల నెత్తిన పడింది.
ఇదిగో, ఈ చిన్నది సెస్సు.
"అంటే?"
పన్ను మీద పన్ను.

నవ్వాడు. అప్పుడు కనబడింది
ఎడమవైపు, పైపెదవి కింద
నిజంగానే పన్ను మీద పన్ను.
అలా ఉంటే అదృష్టమనేది మా నాయనమ్మ.
చెప్పలేదు.

"యార్డులో మా నాన్న టిక్కీకి కిలో తరుగు పోగొట్టుకునేవాడు మేడం,
మట్టి అని, తేమ అని, తాలు అని.
కోసేవాడు ఎదురుగా ఉండేవాడు గనక
కాటా దగ్గరే పోట్లాడేవాడు."
నా వంక చూసి ఆగిపోయాడు.
కాటా ముల్లుతో ఏం పోట్లాడతాడు?

బ్రాడీపేటలో రెండు గదుల అద్దె,
చెల్లెలి కోచింగు, బండి వాయిదా
అన్నీ పైఅంకె చూసి ఒప్పుకున్నవి,
కిందిఅంకెలోంచి కట్టాల్సినవి.

అతను వెళ్ళాక నా చీటీ తీశాను.
నేనే తయారుచేసిందే.
అయినా ఆఖరి గీత దాకా
ఎవరిదో అన్నట్టు
మెల్లగా చదివాను.