సగం దారిలో నాణెం

జారో మార్కెట్ వెనక ఒక సర్‌ప్లస్ కొట్టుంది.
జపాన్ నుంచి ఓడ దిగిన, ఎవరి పిల్లలవో బొమ్మలు
బియ్యం తూచే కాటా మీదే తూచి అమ్ముతారు.
ఒక కిలో ఇటుకలు కొన్నాను, ప్లాస్టిక్‌వి.
సంచీ అడుగున జుత్తుపిన్ను, ఎండిన గుమ్మడిగింజ.
వాటి బరువుకీ డబ్బిచ్చాను.

రాత్రి కుట్టుమిషన్ మీద పాత దుప్పటి పరిచి
అన్నీ ఒలకబోశాను.
జీప్నీ కట్టాలి. మా తమ్ముడు క్రిసాంతో నడిపేది.

ముందు వెడల్పు తేలాలి.
ఆరు బొడిపెలైతే బండి బండిలా ఉంటుంది, జనం పట్టరు.
ఎనిమిదైతే జనం పడతారు, బండి బస్సైపోతుంది.
జాకెట్టు ఎక్కడ బిగించాలో తెలిసినదాన్ని,
ఆరే అన్నాను.

ఎరుపు ఏడో ఇటుక దగ్గర అయిపోయింది.
కుడివైపు ఆకుపచ్చ వేశాను.
రెండు వైపులా ఒకేసారి చూసే కన్ను ఎవరికుంది?
పైన పసుపు పట్టీ, కింద నీలం.
వంగపండు రంగుది ఒక్కటంటే ఒక్కటి,
ఎక్కడ పెట్టినా పుట్టుమచ్చలా కనపడుతోంది.
పీకేద్దామని మూడుసార్లు గోరు పెట్టి
మూడుసార్లూ ఉంచేశాను.

బానెట్ మీద గుర్రం ఉండాలి కదా.
గుర్రం లేదు.
బూడిదరంగు కొళాయి ముక్క దొరికింది.
పక్కకి తిప్పి పెడితే
మెడ వంచిన గుర్రం.
చూసేవాడికి కాస్త మనసుండాలి, అంతే.

కప్పు నిలబడనంది.
కిటికీలకి అద్దాలుండవు, వెనక తలుపుండదు,
పుల్లల్లాంటి నాలుగు కడ్డీల మీదే మొత్తం భారం.
వేలితో నొక్కితే తాగుబోతులా ఒరిగింది.
పదకొండయింది. పక్కింటి కోడి వేళగాని వేళ కూసింది.
విప్పి, మళ్ళీ విప్పి,
చివరికి కడ్డీలని తీసుకెళ్ళి బెంచీలకి బిగించాను.
కూర్చునే చోటే కప్పుని మోస్తుందని
ఇన్నేళ్ళు ఎక్కి దిగినా నాకు తెలీదు.

ఇక జనం.
బొమ్మమనుషులు తొమ్మిదిమంది, ఒకడికి తల లేదు.
ఎదురెదురుగా కూర్చోబెడితే
మోకాళ్ళు తగిలి ఒకరినొకరు నెట్టేసుకున్నారు.
అసలు బండిలో మోకాళ్ళు వాటంతటవే ఇమిడిపోతాయి.
చేపలావిడ బుట్ట ఎవరి పాదాల మీదో కూర్చుంటుంది.
'ఇంకొక్కరికి చోటుంది' అంటాడు మావాడు,
ఉంటుంది.
ప్లాస్టిక్‌కి సర్దుకోవడం రాదు.
కాళ్ళు ఊడదీసి చూశాను, నడుం దాకా మనుషులు.
ఛీ అనిపించి అందర్నీ దింపేశాను.

ఖాళీ జీప్నీ.
బాగానే ఉంది. ఊరేగింపు వెళ్ళిపోయాక
మిగిలిన వీధిలా బాగుంది.

అప్పుడు గుర్తొచ్చింది
వెనక చివర ఎక్కినవాళ్ళ చార్జీ డ్రైవరుకి చేరే తీరు.
'పలిహోగ్' అన్న ఒక్క మాట మీద కదిలే నాణెం,
పేరు తెలీని ఆరేడు చేతులు:
తడిచెయ్యి, సుద్దపొడి అంటిన చెయ్యి,
ఉంగరం బిగుసుకుపోయిన చెయ్యి.
ఎవరూ నొక్కేయరు.
చిల్లర అదే దారిన వెనక్కొస్తుంది, ఒక్క పెసో తగ్గదు.
ఇప్పుడొచ్చే కొత్త బండ్లలో కార్డు ఆనిస్తే కీచుమంటుందట.
వచ్చే నెలనించి మావాడు నడపబోయేదీ అదే.

కిలో మొత్తం మళ్ళీ గాలించాను.
గుండ్రటి పసుపు ముక్క, శనగబద్దంత.
ఎడమ బెంచీ మీద
వెనక మెట్టుకీ స్టీరింగుకీ సరిగ్గా మధ్య,
కాదు, మధ్యకన్నా ఒక్క బొడిపె ముందు,
పెట్టి నొక్కాను.
టక్కుమంది.

తెల్లారి ఐదింటికి క్రిసాంతో కాఫీ గ్లాసుతో వచ్చాడు.
రంగుల గురించి ఒక్క మాట లేదు.
గుర్రాన్ని చూసి 'కొళాయా?' అన్నాడు.
తర్వాత వంగి, కప్పు కిందనుంచి,
చాలాసేపు లోపలికి చూశాడు.

'ఇది ఎవరిది? ఎక్కడ దిగాలట?'

అడుగుతుంటే వాడి కుడిచెయ్యి
దానంతటదే వెనక్కి చాచుకుంది,
అరచెయ్యి పైకి.