రెండో గేరు పళ్ళు కొరుకుతుంది

ప్రకటనలో ఉన్నదున్నట్టే రాశాను:
డెబ్బై రెండు నాటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుది,
నాలుగు గేర్ల పెట్టె. ఒక్క చేతి కిందే నడిచింది.
మూడూ నాలుగూ వెన్న.
రెండోది మాత్రం చలికి పళ్ళు కొరుకుతుంది.
ఆరు వందల డాలర్లు. మోయడానికి మనిషిని తెచ్చుకోండి,
నేను సాయం పట్టలేను.
ఇట్లు, రైనో హకాలా.

పదకొండు రోజులు ఎవరూ రాలేదు.
డులూత్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
సుపీరియర్ సరస్సు మీద మంచు పెళ్ళలు విరుగుతుంటే
రాత్రంతా ఎవరో సామాను సర్దుతున్న చప్పుడు.
ఒకడు ఫోన్ చేసి నూట యాభైకి ఇస్తావా అన్నాడు.
తుక్కుకి వేసుకుంటే నాకే ఎక్కువొస్తుందన్నాను.
అబద్ధం. నలభై కిలోల తుక్కుకి ఏమొస్తుందో
ముప్పై ఏళ్ళు ఓడలకి ఇనప ఖనిజం ఎత్తినవాణ్ణి,
నాకు తెలీదా.

పన్నెండో రోజు టూ హార్బర్స్ నుంచి వచ్చింది
మారెన్ లిండ్‌క్విస్ట్. వెల్డింగ్ బడిలో రెండో ఏడు.
ఒక కనుబొమ్మ సగం కాలిపోయి ఉంది.
మనిషిని తేలేదు.
పిల్లలు మంచు మీద జారే బల్ల తెచ్చింది, తాడుతో సహా.

గొంగళి తీశాను.
ఆమె ధర ఎత్తలేదు.
నూనె మర విప్పి, చిటికెన వేలు లోపలికి పోనిచ్చి,
వాసన చూసి,
కిటికీ వెలుగులో వేలు అటూ ఇటూ తిప్పింది.
కొసన పసుప్పచ్చని రజను.
"ఇత్తడి," అంది.
"ముందు అరిగేది అదే," అన్నాను.
"ఉక్కు బాగానే ఉందిగా" అంది.
ప్రశ్నో, ఓదార్పో, బేరానికి మొదటి మెట్టో.

"ఎందుకమ్ముతున్నారు?"
గరాజులో చోటు లేదన్నాను.
ఆమె చుట్టూ చూసింది.
నాలుగు చెక్క దిమ్మలు,
వాటి మధ్య కారంత ఖాళీ.
రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగు రేకుని తినేశాక
మిగిలిన ఒళ్ళు ముక్కలుగా ఎప్పుడో పోయింది.
అప్పుడు చెప్పాను, ఎడమ మోకాలు మార్చారని,
క్లచ్ తొక్కమంటే ఆ కాలు నా మాట వినదని.

అయ్యో అనలేదు. మంచి పిల్ల.
"తిప్పి చూద్దామా?" అంది.
ముందు ఇరుసు ఆమె గుప్పిట్లో, గేరు కర్ర నా చేతిలో.
ఒకటి. వెనక బిళ్ళ బద్ధకంగా కదిలింది.
రెండు. అన్నంలో రాయి తగిలినట్టు
ఇద్దరం మొహాలు చిట్లించాం.
మూడు.
నాలుగులో ఆమె ఎంత తిప్పితే అంతే,
అటూ ఇటూ ఒకటే వేగం.
"ఎక్కడున్నాం?" అంది ఆయాసపడుతూ.
"క్యాసిల్ డేంజర్ దాటాం," అన్నాను, "టాపు దించే ఉంది."
రివర్స్ వేశాను.
ఆమె అటే తిప్పుతోంది,
బిళ్ళ ఇటు తిరగడం మొదలెట్టింది.
ఎందుకో అక్కడితో ఆపేశాం.

నాలుగు వందల యాభైకి తెగింది.
పళ్ళు కొరికినందుకు నూట యాభై కోత.
కర్ర మీది చెక్క గుండు విప్పి జేబులో వేసుకున్నాను.
ఆమె చూసింది. అడగలేదు.
బల్ల మీద తాడు బిగించి, మంచులో గాడి పడేలా
ట్రక్కు దాకా ఒక్కతే లాక్కెళ్ళింది.

జూన్‌లో ఫోన్. పలకరింపు లేదు.
గాలి, ఇంజను, ఆ తర్వాత గర్ర్‌మని ఒకటి.
"చలి లేదుగా! ఇంకా ఎందుకు కొరుకుతోంది?" అరిచింది.
వంటింట్లోంచి నేనూ అరిచాను:
"తొందరెందుకు? న్యూట్రల్‌లో ఒక్క ఊపిరి ఆగి వెయ్యి!"
ఆగింది. వేసింది.
ఈసారి ఏ చప్పుడూ లేదు.
మోకాలు సలిపాక గానీ తెలీలేదు,
నా ఎడమ పాదం
నేలని అడుగంటా తొక్కిపట్టి ఉందని.