వెనక చాప

చీమకుర్తిలో ఆదివారం కూడా
రాయే ముందు లేస్తుంది.
క్వారీలో తూటా పేలితే
మా గుడి కిటికీ అద్దాలు వణుకుతాయి,
ప్రార్థన మొదలవకముందే ఆమెన్ అన్నట్టు.

చెప్పులు విడిచే చోట
ఆ రోజు ఒక జత బూట్లు.
ఇనప ముక్కు, లేసుల్లేవు,
లోపలంతా నల్లరాతి పిండి.
విప్పమని అతనికి ఎవరూ చెప్పలేదు,
మా చెప్పుల వరస చూసి నేర్చుకున్నాడు.

బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.
అయినా వచ్చి వెనక చాప మీద కూర్చున్నాడు,
మా నాయనమ్మ కెజియమ్మ పక్కన.
అది ఆడవాళ్ళ చాపని అతనికేం తెలుసు?
సంఘపెద్ద అబ్సలోము కళ్ళెర్రజేశాడు.
నాయనమ్మ కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది.
"యాడి బిడ్డవు అబ్బయ్యా?"
నా బడి హిందీ మధ్యలో నిలబడి
అటొక మాట ఇటొక మాట మోసింది.
జార్ఖండ్. గుమ్లా దగ్గర పల్లె.
"అద్దంకి అవతలా?"
"చాలా అవతల నాయనమ్మా."

పేరు ఎమ్లెన్ కుజూర్.
అయ్యగారు మూడుసార్లు తడబడి
చివరికి ఇమ్మానుయేలు అని ప్రకటించారు.
మేం వందనాలు అన్నాం.
అతను యీశు సహాయ్ అన్నాడు.
ఆ చేతులు జోడిస్తే కూడా కలవనంతగా
పగిలి ఉన్నాయి.

పాట ఎత్తుకున్నాం.
మా హార్మోనియంలో రెండు మెట్లు పలకవు,
ఆ చోట మేమే పలుకుతాం.
రెండో చరణంలో వెనక నుంచి ఒక గొంతు లేచింది.
రాగం మాదే, మాటలు మావి కావు.
ఏ ఓడలో ఎవరు తెచ్చి దించారో,
మాకు సముద్రం వైపు నుంచి, వాళ్ళకు అడవి వైపు నుంచి
అదే రాగం నడిచొచ్చింది.
ఇన్నాళ్ళూ అది ఒంగోలులో పుట్టిందనుకున్నాను.

సాక్ష్యాల వేళ అతన్ని లేపారు.
పోయిన వారం తను కోసిన పలక
పై దేశంలో ఏదో గుడికి పోతోందట,
ప్రభువు బల్ల అవుతుందట.
చెప్పి, మా బల్ల వైపు చూశాడు:
ప్లైవుడ్డు, పైన తెల్లగుడ్డ,
గుడ్డకింద ఒక కాలికి పెట్టిన ఇటుక.

మీ పాట ఒకటి పాడమన్నారు.
చేతులు గాల్లో గుండ్రంగా తిప్పి అడిగాడు,
వాయించేది ఏదన్నా ఉందా?

ఎవరూ మాట్లాడలేదు.
మా ముత్తాత గుండ్లకమ్మలో మునిగి లేచిన రోజున
డప్పు ఒడ్డునే వదిలేశాడంట.
చావుకి పిలిచేవాళ్ళు, కూలి పారేసేవాళ్ళు,
దాని మోత వినగానే పక్కకి జరిగేవాళ్ళు.
వెనక్కి తిరిగి చూడలేదంట మనిషి.
చూస్తే ఏమయ్యేవాడో ఇంట్లో ఎవరం అడగలేదు.

ఎమ్లెన్ ఇంకొక నిమిషం ఆగాడు.
తర్వాత తన తొడల మీదే వాయించుకుంటూ
పాడటం మొదలుపెట్టాడు.
దెబ్బదెబ్బకీ ప్యాంటులోంచి
రాతి దుమ్ము లేచి ఎండలో మెరిసింది.
ధర్మేస్ అంటాడు, ఆగుతాడు, మళ్ళీ ధర్మేస్.

నాయనమ్మ నా చెవిలో అంది,
"పాపం, దేవుణ్ణి ధర్మం అడుగుతున్నాడే."
కాదు, వాళ్ళ భాషలో దేవుడి పేరే అది, అన్నాను.

ఆమె చాలాసేపు కొంగు చివర చుట్టుకుంటూ ఉండిపోయింది.
"మా అమ్మ సత్తుగిన్నె పట్టుకుని
పెద్దిళ్ళ దొడ్డివాకిట నిలబడి
ధర్మం తల్లీ, ధర్మం అని కేకేసేది.
నేను ఆమె చీర పట్టుకుని ఉండేదాన్ని.
అయితే అప్పుడు మేం పిలిచింది
లోపలున్న వాళ్ళని కాదేమో."

అబ్సలోము అటు తిరిగి గొంతు సవరించుకున్నాడు.
అయ్యగారు ప్రకటనలు చదివారు.

మళ్ళీ ఆదివారానికి ఎమ్లెన్ రాలేదు.
కాంట్రాక్టరు బల్లికురవ తీసుకెళ్ళాడని ఒకరు,
జ్వరమని ఒకరు.
చాప మీద రెండు మోకాళ్ళ బూడిదరంగు గుర్తులు.
నాయనమ్మ దులిపింది, తుమ్మింది,
మళ్ళీ అక్కడే పరిచి పక్కకి జరిగి కూర్చుంది.

రొట్టె వంచి ఇస్తున్నప్పుడు చూశాను:
ఆమె వేళ్ళు గచ్చు మీద
మెల్లగా, ఎవరికీ వినపడకుండా
ఏదో కొడుతున్నాయి.
నేను చూడటం చూసి చెయ్యి కొంగులో దాచుకుంది.

ఇంటికొచ్చే దారిలో ఒక్కటే అడిగింది,
"ఒంగోల్లో రైలెక్కితే
గుమ్లాలో దించుతాడా?"