రాబాక

టంగుటూరులో పొగాకు గ్రేడింగ్ ముగించుకుని
గోళ్ల కింద జిగురుతో ఇంటికొచ్చేసరికి
ఏడో తరగతి వాడు, మా ఏసుపాదం,
గడప మీద కూర్చుని ఏడుస్తున్నాడు.
బళ్లో గుడ్ల లెక్క ఈ నెల వాడిది.
నూట పన్నెండుకి సంతకం పెట్టాడంట,
వచ్చింది నూట పది.
చివరి వరసలో ఇద్దరికి గుడ్డు లేదు.

"పద, సారుతో నేను మాట్లాడతా"
కొంగు దోపుకుని లేచాను.
మొన్నటిదాకా వాడి బూట్ల తాళ్లు కట్టింది నేనే,
పుస్తకాల సంచీ మోసింది నేనే,
ఆటల పోటీకి పేరిస్తానంటే
ఎండరా, ఎందుకులే అన్నదీ నేనే.

"నువ్వు రాబాకమ్మా.
లెక్కబెట్టకుండా పెట్టానని
రేపు నేనే చెప్తా."

బ్యారన్ తలుపు తీసినప్పటి వేడిలా
మొహానికి కొట్టింది ఆ మాట.

పొద్దున చద్దన్నం వాడే కలుపుకున్నాడు.
ఉప్పెక్కువైంది. మొహం చిట్లించి తినేశాడు.
తాళ్లు వంకరగా ముడేసుకుని
వెనక్కి చూడకుండా పోయాడు.

నేను పనికెళ్లే ఆటో బడి ముందు నించే.
వరండాలో అట్టల ముందు గొంతుక్కూచుని
ఒక్కో గుడ్డునీ వేలితో తాకుతున్నాడు.
పక్కనున్న పిల్ల ఏదో అడిగింది,
లెక్క తప్పినట్టుంది,
మళ్లీ మొదట్నించి.

"ఆపమంటావా అక్కా?" ఆటో అబ్బాయి.
"వద్దులే, పోనీ."

సాయంత్రం మార్కుల కార్డు తెచ్చాడు.
అలవాటుగా కింద గీత వెతికి పెన్ను ఆనించబోతే
అరచెయ్యి అడ్డం పెట్టాడు.
"చదివి పెట్టమ్మా."

దీపం దగ్గరికి జరిగి
కూడబలుక్కుంటూ మొదలెట్టాను,
తెలుగు... అరవై...