గాడి

గుంతకల్లులో రైల్వే క్వార్టర్లు పడగొట్టినప్పుడు
పాత సామాన్ల సుంకన్న బస్తాలో దొరికింది
బొటనవేలంత ఎర్ర కారు.
కింద, గాడిలో దిగే ముల్లు ఉంది.
గాడి లేదు. మోటారు ఎప్పుడో కాలింది.

"పెట్రోలు తాకిచ్చాకు" అన్నాడు మాబు చిన్నాయన
గడియారాల కన్నద్దం నుదుటి మీదికి నెట్టి.
"థిన్నరు గానీ తగిలిందా,
ఈ ప్లాస్టిక్కు ఎండాకాలం బెల్లం."

పైచిప్ప విడదీసినాం.
గోరువెచ్చని నీళ్లు, చంటిబిడ్డకు చూసినట్టు
మోచేత్తో వేడి చూసి.
ఒక్క చుక్క సబ్బు.
అరిగి మెత్తబడిన బ్రష్షు.
తలుపు మీది ఏడో నంబరు అంచు దాకా పోయి
ఊపిరి బిగబట్టి వెనక్కి.

నీళ్లు నల్లబడినాయి.
బొగ్గింజను నలుపు అన్నాడు చిన్నాయన.
వట్టి దుమ్మే అన్నాను నేను.

నీడలోనే ఆరబెట్టినాం,
మా ఊరి ఎండ ఇనుప పట్టాలనే వంచుతుంది.
అద్దానికి పండ్ల పేస్టు, బనీను గుడ్డ, అరగంట వేలు.
గీతలు పోయినాయి. పగులు పోలేదు.

పైకప్పు లోపల సూదితో గీకిన మాట:
"ఇది నాది. డెన్నిస్‌ది కాదు."
ఎవరిదో మాత్రం రాయలేదు.
అక్కడ బ్రష్షు పెట్టనీలేదు చిన్నాయన.

దుకాణం మూసే యాల
కడప బండల నడుమ సందులోకి ముల్లు దించి
వేలితో తోసినాడు.
గడప దాకా పోయింది.

అరవై దాటిన మనిషి
నోటితో బుర్రుమనడం
ఆ పొద్దే విన్నాను.