చేబదులు

కల్యాణదుర్గం బస్సులో నా ఒళ్లో థర్మాకోల్ పెట్టె.
"చేపలామ్మా?" అన్నాడు కండక్టరు.
"కాదు, వేర్లు."
దీనికి లగేజీ కొట్టాలా వద్దా అని
టికెట్ మిషను పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

పొద్దున మారెక్క చేలో
ముప్పై అయిదు రోజుల శెనక్కాయ చెట్టు
ఎర్రమట్టిని వదల్లేక వదిలి చేతికొచ్చింది.
వేరు పొడుగునా ఆవగింజల్లాంటి బుడిపెలు.
ఒకటి గోటితో చిదిపితే లోపల నెత్తుటి రంగు.

"దీనికీ రగతముంటాదా పాపా?"
ఉంటుందన్నాను, మన రక్తానికి దూరపు చుట్టం.
లోపల కాపురమున్న సూక్ష్మజీవులకు
ఊపిరి కొలిచి పోస్తుంది.
ఎక్కువైతే పాడు,
గాలిని ఎరువు చేసే పని ఆగిపోతుంది.
"మాయత్త నూనె పోసినట్ల," అంది మారెక్క.

లోపలికెట్లా వచ్చాయంటే
శెనక్కాయ వేరుకు వాకిలి లేదు.
పక్కవేరు చీల్చుకుని బయటపడినప్పుడు
అక్కడ మిగిలిన పుండే దారి.
ఇది ఆమెకు చెప్పలేదు.
ఎందుకో చెప్పబుద్ధి కాలేదు.

అనంతపురం ల్యాబులో
గాజుపళ్లెం మీద వారానికి గాని చుక్కగా తేలవు.
గ్రీకులో వీటి పేరు మొదలే 'నిదానం'.
ఆ వారంలో నాలుగుసార్లు కరెంటు పోయింది,
జనరేటర్లో డీజిల్ లేదని ఎర్రిస్వామి ఒకసారి,
ఉంది గాని తాళంచెవి లేదని ఒకసారి.

హైదరాబాదు పంపితే తునకలుగా తిరిగొచ్చింది
ఒక్కో ప్రాణి రాత, ఎనభై లక్షల అక్షరాలు.
తడిసి చిరిగిన పాసుబుక్కును అతికించినట్టు
రాత్రంతా అంచుకు అంచు వెతికి కలిపాను.
తెల్లారుజామున ఒకచోట
రాతలో యాస మారింది.

మారెక్కది పావగడ వైపు.
నలభై ఏళ్లుగా తెలుగే మాట్లాడుతుంది,
తిట్టినా తెలుగే, ఏడ్చినా తెలుగే.
లెక్కపెట్టేటప్పుడు మాత్రం
ఒందు, ఎరడు, మూరు.

ఈ తునకా అంతే.
ఏ కాలంలోనో పొరుగుదాని దగ్గర తెచ్చుకున్న చేబదులు.
నోటు లేదు, వడ్డీ లేదు,
బ్యాంకోళ్లు వచ్చి గడప ముందు కూర్చోలేదు.
వేరును పలకరించే మాట,
గాలిని పట్టే విద్య,
రెండూ ఆ అప్పులోనే ఉన్నాయి.

ఇక నేనిచ్చిన ప్యాకెట్ సంగతి.
బెల్లం నీళ్లలో కలిపి, విత్తనాలకు పట్టించి
నీడన ఆరబెట్టమన్నాను. అట్లే చేసింది,
కోళ్లు రాకుండా మధ్యాహ్నమంతా కాపలా కూడా కాసింది.
అరవై బుడిపెలు చదివితే
మూడింటిలో ప్యాకెట్‌ది.
మిగతా యాభై ఏడింటిలోనూ
ఆ మట్టిలో ఎప్పటినుంచో ఉన్నవే.
రిపోర్టులో ఏ మాట రాయాలో నాకు తెలుసు,
రాయలేదింకా.
ఫారంలో అక్షాంశం అడిగింది, లోతు అడిగింది,
ఏ మొక్క అని అడిగింది.
చేను ఎవరిదని అడగలేదు.

కాయ పెరికిన రోజు మళ్లీ వెళ్లాను.
కట్టె వామి వేస్తున్నారు,
బుడిపెలు ఎండి రాలి కాళ్లకింద చిటపటమంటున్నాయి.
"మీ నేలలోవే గెలిచాయక్కా."
"యాడికి పోతాయి? బస్సుచార్జీ ఎవరిస్తారు వాట్కి?"
నవ్వి, ఆకాశం వంక చూసి,
"గాలిని పట్టినట్ల వానను పట్టేది ల్యాదా వాట్లో?"
చూస్తానన్నాను.
చూడ్డానికేమీ లేదని తెలిసీ అన్నాను.

పోయినేడు పద్నాలుగు మూటలట.
ఇప్పుడు గోడవారగా నిలబెట్టిన వాటి మీద
ఒక్కోదాని మీదా అరచెయ్యి ఆనించుకుంటూ
ఒందు, ఎరడు, మూరు,
నాల్కు, ఐదు,
ఆరు దగ్గర గోడ వచ్చింది.

ఆరుకు రెండు భాషల్లోనూ ఒకటే మాట.