మొగిలి గోడ మీద గీత

పదకొండేండ్లు తొక్కిన సైకిలు మా పెద్దన్నది.
సీటు అడుగుదాక దించినా
కాలికీ పెడలుకూ నడుమ బెత్తెడు గాలి మిగిలేది.
ఆ బెత్తెడును ప్రతి తొక్కుకూ
నడుము అటు వంచి, ఇటు వంచి నింపిన.
ముప్పారంల మనియార్డర్లు, దేవునూరుల పింఛన్లు,
సంచి నిండ ఎవరెవరి పేర్లో.
నాకు ఊర్లు పెట్టిన పేరు ఒక్కటే:
పొట్టి పోస్టమ్మ.

గుట్టల కాడి దిగుడుల
బ్రేకుకు వేళ్లు అందకపోయేవి.
చెప్పు నేలకు రాసి ఆపేదాన్ని.
ఏడాదికి నాలుగు జతలు.
దుకాణం సారంగపాణి అడిగిండు ఓసారి,
"కుడి చెప్పే అరుగుతది, ఎందుకక్క?"
నవ్విన. ఏం చెప్పాలె,
నా సైకిలుకు బ్రేకు నేనే అని.

డాక్టరమ్మ మెడ అన్నది, నడుము అన్నది,
వయసు అన్నది.
నలభై ఒకటికే?

అండర్‌బ్రిడ్జి అవతల, శివనగర్ల, మొగిలి షెడ్డు.
రైలు పోయినప్పుడల్ల అతని మాట సగంల తెగుతది.
పోయినంక, తెగిన కాడి నుంచే అందుకుంటడు.
"తొక్కి చూపియ్యి" అన్నడు.
షెడ్డు ముందర రెండు చుట్లు.
"చెల్లె, నువ్వు సైకిలు తొక్కుతలేవు,
గోడ దుంకుతున్నవు."

టేపు పెండ్లాం చేతికిచ్చి
తను అటు తిరిగి నిలబడ్డడు.
రాజవ్వ నన్ను గోడకు ఆనించి
కాళ్ల నడుమ పాత లెక్కల పుస్తకం పెట్టి
"గట్టిగ పట్టుకో" అని నవ్వింది.
చాక్‌పీసుతో గీత.
కాలు ఇరవై ఆరున్నర. చెయ్యి ఇరవై మూడు.
జాన ఆరుంబావు.
ఆమె చెప్తుంటే అతను అటే తిరిగి
సిగరెట్ అట్ట మీద రాసుకున్నడు.

ఇంతకు ముందు నన్ను కొలిచినోళ్లు
జాకెట్ కుట్టేటోళ్లు,
చూడవచ్చి, చెప్పులిడిసి నిలబడమన్నోళ్లు.
కాలు ఎంతని ఎవరూ అడగలే.
అది ఎంత దూరం పోతదో అసలే అడగలే.

"రంగు?" అన్నడు.
పోస్టాఫీసు ఎరుపు వద్దన్న. అంతకుమించి తెల్వలే.
వారం ఆలోచించి ఫోన్ చేసిన:
దున్నినంక వాన పడ్డ రేగడి ఉంటది చూడు, గా నలుపు.
బురద కనపడదని చెప్పిన.
అది సగమే నిజం.

చిట్టి ఎత్తిన పైసలు, మూడు వాయిదాలు.
"గంతల పాత స్కూటీ వస్తుండె" అన్నడు మా ఆయన.
వస్తుండె. నాకు తెల్సు.

నెల దాటింది.
రెండు పాత ఫ్రేముల పైపులు కోసి
పై గొట్టం చీర కుచ్చిళ్లకు అడ్డం రాకుండ దించి
పెంబర్తి ఇత్తడి తునకలు కరగబోసి అతికిండు.
మొదటి రోజు మోకాలు హ్యాండిలుకు తగిలింది.
మళ్ల పోయిన. తనను తనే తిట్టుకుని
అంగుళం ముందుకు జరిపిండు.

తెల్లారి ఆరుకు సంచి వెనక కట్టి కూసున్న.
కూసున్న, అంతే.
నేల అక్కడ్నే ఉంది, మునివేళ్లకు ఆనింది.

దేవునూరు దిగుడుల
రెండు వేళ్లు ఒత్తితే చక్రం ఆగింది.
కొంచెం పోయి మళ్ల ఆపిన. ఇంకొంచెం పోయి మళ్ల.
గొర్ల వెనక వస్తున్న ముసలాయన నిలబడి
"ఏమాయె బిడ్డ, చెడిందా?" అన్నడు.
"లే తాత. ఆగుతది."

ఇన్నేండ్లు నేను పొట్టి అనుకున్న.

దసరా ముందు నూనె పెట్టించుకోను పోతే
షెడ్డుకు కొత్త సున్నం.
నా గీత చుట్టు మాత్రం
జానెడు పాత గోడ వదిలేసింది రాజవ్వ.
దాని పక్కన ఇంకో గీత, నా కన్న రెండు వేళ్లు కింద,
సుద్ద ఇంకా రాలుతున్నది.
"ఎవరిది?" అన్న.
మొగిలి చేతులు తుడుచుకుని
"గీమె పరకాల నుంచి..." అన్నడు.
రైలొచ్చింది.
సీటు మీద చెయ్యేసి నిలబడ్డ,
అందుకుంటడని.